ఆడసింహం కథ చెప్పే పని

తాలెక్ ఏటి ఒడ్డు,
ఆగస్టు 14, 2018.

ఒకే పొద్దున నాతోపాటు సున్తీ అయిన నా ఈడువాడు కసైనెకు, సిరొంక పలకరింపు.

నీ పిల్లలు బాగున్నారా? నీ పశువులు బాగున్నాయా? నీకిప్పుడు పశువులు లేవనీ, నరోక్‌లో సిమెంటు గోదాముకు కాపలా ఉంటున్నావనీ తెలుసు. అయినా పశువుల సంగతి అడగకుండా ఉత్తరం మొదలుపెట్టేంత పెంపకం తప్పినవాణ్ని కాదు.

ఇక్కడ క్యాంపు నిండిపోయింది. వైల్డ్‌బీస్ట్ మందలు ఏరు దాటుతున్నాయి కాబట్టి పన్నెండు గుడారాల్లో ఒక్కటీ ఖాళీ లేదు. మన దగ్గరికొచ్చేవాళ్లు నీకు తెలియనివాళ్లా? ఏటి అవతల విమానంలో దిగేంత ఉన్నవాళ్లు కారు, సొంత గుడారం వీపున మోసుకొచ్చేంత లేనివాళ్లూ కారు. అందుకే స్నానానికి బక్కెట్లో వేణ్నీళ్లు అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఫిర్యాదు, మధ్యాహ్నంలోగా సింహం కనబడకపోతే ఫిర్యాదు. నిన్న నాలుగో గుడారంలో ఆవిడ, హైనాల అరుపులకు నిద్ర పట్టడం లేదు, వాటిని కాస్త దూరంగా తోలించమంది. మేనేజరు మురీతి దేనికీ కాదనడు కదా, అలాగే మేడమ్ అని నావంక చూశాడు. నేనూ తలూపాను.

నాకు కొత్త పని ఒకటి అంటగట్టారు. పొద్దుగూకగానే నెగడు చుట్టూ కుర్చీలు వేస్తారు. నేను ఎర్ర దుప్పటి కప్పుకుని, కర్ర పట్టుకుని, వచ్చినవాళ్లకు కథ చెప్పాలి. ఏ కథ అనుకున్నావు? నాసెరియన్ కథ. చెవి చిరిగిన ఆ ఆడసింహం గుడారాల ముందే కూనలతో ఎలా తిరిగేదో వర్ణించాలి. తన ఆవును చంపిందన్న కసితో ఒక కాపరి ఆ ఆవు కళేబరం మీద పురుగుమందు ఎలా చల్లాడో చెప్పాలి. అది చచ్చిన చోటే పద్నాలుగు రాబందులు రాలిపోయాయని చెప్పాలి. ఆ కాపరి మరెవరో కాదు, ఈ క్యాంపులోనే గైడు అని చెప్పి ఆగాలి. అక్కడ ఆగమని మురీతి నేర్పాడు. ఆగితే అందరూ నిట్టూరుస్తారు. తర్వాత సూపు వస్తుంది.

నీ పేరు చెప్పను, అంతవరకు నయం. మొన్న ఒక ముసలాయన ఆ దుర్మార్గుడికి ఏ శిక్ష పడిందని అడిగాడు. గైడు బ్యాడ్జి పీక్కుని పంపేశారన్నాను. అంతేనా అన్నాడు. భోజనం చల్లారుతోందని భార్య పిలిస్తే లేచిపోయాడు.

నీ మీద నాకు కోపం లేదనుకుంటున్నావేమో. ఉంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. నీ నల్లావు పోయిన రోజు వంటశాలలో పదిమంది ముందు దాని అంతు చూస్తానని ఎవడనమన్నాడు నిన్ను? మర్నాడు సాయంత్రానికి సింహం చచ్చి పడి ఉంటే నిన్ను కాక ఎవరిని పట్టుకుంటారు? సభలో పెద్దలు నిన్నేమంత కష్టమైన ప్రశ్న అడిగారు? మధ్యాహ్నం ఎక్కడున్నావన్నారు, అంతే కదా. నువ్వు నేల చూస్తూ నిలబడ్డావు. మాట్లాడనివాడు ఒప్పుకున్నట్టే అన్నారు. నీ ఈడువాణ్ని కాబట్టి నన్నూ అడిగారు. నాకు తెలియదన్నాను. నీకే నోరు పెగలకపోతే నేనేం చెయ్యను? చేజేతులా చేసుకున్నావు.

అదంతా పోనీ. నెల కిందట నరోక్ బస్సుల దగ్గర నువ్వు చేసింది మాత్రం చచ్చేదాకా మరవను. నా భార్య నషిపాయె నీకోసమని సొరబుర్రలో పాలు పంపింది. ఎండలో పట్టుకొచ్చాను. మూత తీసి నీకందించాను. పక్కన ఈడువాడు లేకుండా పాల చుక్క ముట్టకూడదని కదా మనల్ని పెంచారు. అడవిలో తిరిగిన రోజుల్లో ఒకడికి దొరికితే రెండోవాడు వచ్చేదాకా ఆకలితో కూర్చునేవాళ్లం. నువ్వు ఆ బుర్ర నా చేతిలో ఉండగానే మూత పెట్టేశావు. "నువ్వే తాగరా. ఒక్కడివే తాగడం నీకు అలవాటైందిగా" అన్నావు. బస్సెక్కేవాళ్లంతా విన్నారు. నా తల్లిని తిట్టినా ఇంత నొచ్చుకునేవాణ్ని కాదు.

పాలు వెనక్కి తెచ్చే ముఖం లేక దారిలో పారబోశాను. నువ్వు తాగావనే ఇంట్లో చెప్పాను.

మిగతా అంతా కులాసా. మా చిన్నదానికి మూడేళ్లు నిండాయి, మేకపిల్లల వెంట పరుగులు తీస్తోంది. వచ్చే నెల నన్ను గైడును చేస్తారట. నీ పాత జీపు నాకేనట. ఈడువాడివి కదా, సంతోషించు.

ఇట్లు,
నువ్వు పాలు కాదన్నవాడు,
సిరొంక

తా.క. ఉత్తరం కవరులో పెట్టి రెండు రోజులైంది. మళ్లీ తీశాను.

పురుగుమందు చల్లింది నేను. నీ ఆవంటే నా ఆవే. నువ్వు ఒట్టి మాటల మనిషివని నాకు తెలుసు, నీ బదులు నేను చేసిపెడితే నీ కడుపు చల్లబడుతుందనుకున్నాను. ఆ మధ్యాహ్నం నొప్పులు పడుతున్న నషిపాయెను మోటారు సైకిలు మీద ఆసుపత్రికి చేర్చింది నువ్వు. సభలో ఆ మాట అని ఉంటే, మరి దాని మొగుడెక్కడున్నాడన్నదే పెద్దల రెండో ప్రశ్న. అందుకే నువ్వు నేల చూశావు. నాకది అక్కడే అర్థమైంది. అర్థమయ్యే తెలియదన్నాను. నషిపాయె తాను చెబుతానని ఏడిస్తే, మగవాళ్ల సభలో నీకేం పనని నోరు మూయించాను.

ఈ కాగితం మురీతి బల్ల మీద పెడితే నీ బ్యాడ్జి నీకొస్తుంది, నేను జైలుకు పోతాను. పైన సంతకం కూడా సరిగ్గానే పెట్టాను. కానీ నువ్వు పెట్టవు. ఈడువాణ్ని పట్టించే రకం కాదు నువ్వు. అది తెలుసు కాబట్టే రాశాను. నీ చోట ఇంకెవడున్నా ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు.