కూలింగ్ ఆగిన రాత్రులు

ప్రియమైన అన్నయ్యకు,

ఫోన్‌లో నీ నోటి నుంచి ‘ఊ’, ‘ఆ’ తప్ప మాట ఊడిపడదు. పైగా నేను పడుకునే వేళకి నువ్వు సైకిళ్ళ షాపు తెరుస్తావు. అందుకే ఈ ఉత్తరం.

మీ పాత కంపెనీలో నన్ను కూలింగ్ బండి మీద రాత్రి డ్యూటీకి తీసుకున్నారు. అదీ నువ్వు పన్నెండేళ్ళు తోలిన రూటుకే. నాకు స్టీరింగు పట్టడం నేర్పింది నువ్వే కాబట్టి ఈ మాట అందరికంటే ముందు నీకే చెప్పాలి.

రాత్రి పదింటికి గోడౌన్‌లో లోడవుతుంది. గడ్డకట్టిన సరుకు ముందు అరలో, పాలు, చికెన్ మధ్య అరలో, నూనె డబ్బాలు, పిండి బస్తాలు వెనక. మొత్తం పద్నాలుగు వంటగదులు. వాటిలో పదకొండు వంటగదుల తాళాలు నా దగ్గరే ఉంటాయి. మనిషి లేని వంటగదిలో లైటు వేస్తే బోర్లించిన గిన్నెలన్నీ నావైపే చూస్తున్నట్టు మొదటి వారం భయం వేసింది. ఇప్పుడు వంటగదిని బట్టి మనిషి ఎలాంటివాడో ఊహించడం నాకో ఆట. ఒక హోటల్ వంటాయన కత్తులన్నీ వరసగా పేర్చి, వాటి పక్కన తన కళ్ళజోడు మర్చిపోయి వెళ్తాడు. రోజూ.

నీ మాట ఎత్తితే మాత్రం గోడౌన్‌లో అందరూ మొహం తిప్పుకుంటున్నారు. “నర్సుల హాస్టల్ కూడా ఈ రూటులోనే ఉండేదిగా?” అని లోడింగ్ పెద్దాయన్ని అడిగాను. “వాళ్ళు మన దగ్గర మానేశారమ్మా” అని, చేతిలో చీటీ చూసుకుంటూ అటు వెళ్ళిపోయాడు. నడుం నొప్పితో మానేసిన మనిషి మీద ఇంత ముభావం ఏమిటో.

మీ బావకి ఇంకా పని దొరకలేదు. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. నీ నడుం ఎలా ఉంది?

ప్రేమతో,
నీ చెల్లి

*

ప్రియమైన చెల్లాయికి,

నీ ఉత్తరం చదివి మీ వదిన “ఆడపిల్ల, రాత్రిపూట ఒంటరిగా” అని మొదలుపెట్టింది. మా చెల్లికి తోడు వెళ్ళినవాడికే భయం అన్నాను.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. డ్రైవరు ముందు కనపడే టెంపరేచరు అంకెను నమ్మకు. అది గాలి సంగతి చెబుతుంది, సరుకు సంగతి చెప్పదు. ఒక్కోసారి గాలి సంగతీ చెప్పదు. మూడు చోట్ల దింపాక ఒకసారి, పెట్టెల మధ్యలో థర్మామీటరు గుచ్చి చూడు. తేడా కనిపిస్తే ఎవరేం చెప్పినా దింపకు. ఎవరేం చెప్పినా.

హాస్టల్ సంగతి నాకేం తెలియదు. నడుం పర్వాలేదు.

నీ మేలు కోరే,
అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకు,

నువ్వు నా ప్రాణం కాపాడావో, ఉద్యోగం ఊడగొట్టావో తెలియడం లేదు.

బుధవారం రాత్రి మూడు చోట్ల దింపాక, నువ్వు చెప్పినట్టు థర్మామీటరు గుచ్చాను. ముందున్న అంకె నాలుగు దగ్గరే ఉంది. చికెన్ పెట్టెలో పద్నాలుగు. గోడౌన్ వదిలిన కాసేపటికే కూలింగ్ ఆగిపోయినట్టుంది. సూపర్‌వైజరుకి ఫోన్ చేశాను.

“మిషను ఆపి మళ్ళీ స్టార్ట్ చెయ్యి. చల్లబడ్డాక దింపేయ్. వండితే క్రిములన్నీ పోతాయిలే” అన్నాడు.

“నేను దింపను సార్” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

దింపేసిన మూడు వంటగదులకీ వెనక్కి వెళ్ళి, తాళాలు తీసి, పెట్టెలు మళ్ళీ బండెక్కించి, ఎందుకు తీసుకెళ్తున్నానో కాగితం రాసి పెట్టి వచ్చాను. గోడౌన్ చేరేసరికి ఎండ మొహాన కొడుతోంది. సరుకంతా పారబోశారు.

ఇప్పుడు నా ముందు ఒక కాగితం పెట్టారు. మిషను బాగానే ఉంది, తలుపు సరిగ్గా వెయ్యకపోవడం నా పొరపాటు అని. సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది. “ఫైల్లో పడుండే కాగితమమ్మా. మీ అన్నయ్య కూడా ఇలాగే సర్దుకుపోయాడు” అన్నాడు సూపర్‌వైజరు.

నువ్వు దేనికి సర్దుకుపోయావు? నెలాఖరు దాకా గడువిచ్చారు. ఏం చెయ్యమంటావు?

నీ చెల్లి

*

అన్నయ్యా,

పదకొండు రోజులైంది. నువ్వు షాపు తెరవకుండా కూర్చున్నావని వదిన ఫోన్‌లో చెప్పింది. నేను చేస్తే ఎత్తడం లేదు. పెట్టమంటావా, వద్దంటావా, ఒక్క ముక్క రాయి.

చెల్లి

*

ప్రియమైన చెల్లాయికి,

నడుం నొప్పి అబద్ధం. నా నడుం ఇనుప కమ్మీలా ఉంది.

మూడేళ్ళ కిందట నాకూ ఇదే జరిగింది. కూలింగ్ ఎప్పుడు ఆగిందో తెలియదు. అదే సూపర్‌వైజరు, అదే మాట అన్నాడు. నేను మిషను మళ్ళీ స్టార్ట్ చేసి, ఒక అరగంట ఆగి, నర్సుల హాస్టల్‌లో చికెన్ దింపాను. టెంపరేచరు షీటులో నాలుగు డిగ్రీలని నా చేత్తో రాశాను. వండినా ఏం పోలేదు. మర్నాటికి పంతొమ్మిది మంది అమ్మాయిలు మంచం పట్టారు. ఒకమ్మాయి నెలకి పైగా ఆసుపత్రిలో ఉంది.

విచారణకి వచ్చినవాళ్ళు నా షీటు చూశారు. బండిలో తప్పు లేకపోతే వంటగదిలోనే ఉండాలి కదా. అక్కడ వంట చేసే ఆవిడని, శుభ్రత లేదని రాసి మరీ హాస్టల్ వాళ్ళు తీసేశారు. లోడింగ్ పెద్దాయనకి తెలుసు. ఆ రాత్రి తిరిగొచ్చిన బండి గోడ మీద చెయ్యి పెట్టి “వెచ్చగా ఉందేంట్రా” అన్నాడు. ఆ నెలలోనే మానేశాను.

మీ వదినకి కూడా నిన్ననే చెప్పాను. విని, లేచి వెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చి, మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది.

సంతకం పెట్టకు. నేను రాసింది ఒక్క అంకె. అది ఇన్నాళ్ళూ నన్ను పడుకోనివ్వలేదు.

అన్నయ్య

*

అన్నయ్యకు,

నీ ఉత్తరం అందేసరికే సంతకం పెట్టనని చెప్పేశాను. ఉద్యోగం పోయింది. తాళాల గుత్తి అప్పగించేటప్పుడు మాత్రం ఏడుపొచ్చింది.

ఆహార తనిఖీ ఆఫీసుకి వెళ్ళి జరిగింది రాసిచ్చాను. అక్కడి ఆఫీసరమ్మ “ఇలాంటిది ఇదివరకు జరిగిందా?” అని అడిగింది. నీ ఉత్తరం నా సంచిలోనే ఉంది. “నాకు తెలియదండీ” అన్నాను.

చూశావా, నీకోసం నేనూ ఒక అబద్ధం ఆడాను. బయటికొచ్చాక మెట్ల మీదే చాలాసేపు కూర్చుండిపోయాను. నీ మీద కోపం కాదు, అసహ్యమూ కాదు. అదేమిటో నాకే తెలియదు.

ఆ వంటావిడ చిరునామా పెద్దాయన్ని అడిగాను. ఆయన వెతుక్కోలేదు. మూడేళ్ళ నుంచి జేబు పుస్తకంలోనే పెట్టుకుని ఉన్నాడు. దీంతో పంపిస్తున్నాను.

చెల్లి

*

ప్రియమైన చెల్లాయికి,

నిన్న వెళ్ళాను. ముందు తనిఖీ ఆఫీసుకి. అంతా రాసి సంతకం పెట్టాను. నీ కాగితం ఉన్న ఫైల్లోనే నాదీ పెట్టారు. ఆ బండి మిషను విప్పి చూస్తారట. నా మీద కేసు ఉండొచ్చన్నారు. ఉండనీ.

అక్కడి నుంచి ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఇప్పుడు బట్టలు ఇస్త్రీ చేస్తోంది. “ఏవండీ, ఎవరు కావాలి?” అంది.

“హాస్టల్‌కి సరుకు తెచ్చిన డ్రైవర్ని” అన్నాను.

ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. జరిగిందంతా చెప్పాను. చివర ఒక్కటే అడిగింది. “చికెన్ మా గుమ్మం దాటేటప్పటికే పాడైపోయిందా?”

“పోయిందమ్మా.”

“ఆ పూట వంట రోజూ మనసులో మళ్ళీ చేసుకుంటున్నాను. చేతులు కడుక్కున్నానా, కత్తి మార్చానా, బాగా ఉడికిందా. ప్రతిసారీ అన్నీ సరిగ్గానే చేస్తాను. అయినా పిల్లలు పడిపోతారు” అంది.

క్షమించమని అడిగాను. “దాని సంగతి నాకు తెలియదు. ఆఫీసులో ఇచ్చిన కాగితం నకలుందా?” అంది. ఉంది, ఇచ్చాను. నిలబడే చదువుకుంది. నన్ను కూర్చోమనలేదు. లోపలి నుంచి కూతుర్ని పిలిచి, కాగితం చేతికిచ్చి, “గట్టిగా చదువు, నాన్నకి వినపడాలి” అంది.

ఆ అమ్మాయి చదువుతుంటే నేను గుమ్మం బయటే ఉన్నాను. ‘వంట చేసిన ఆవిడ తప్పు ఏమీ లేదు’ అని నేను రాసిన చోటు వచ్చింది. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

“అది మళ్ళీ చదువు” అంది.

నీ అన్నయ్య