తాడు కొస ఎవరి చేతిలో

1938 జనవరి 10, ఆత్మకూరు

ఫారెస్టు రేంజరు ఒప్పుకున్నాడు. కుక్కకు ముద్ద విసిరినట్టు. మార్చిలో నంద్యాల స్పోర్ట్స్‌లో తాడు లాగే పందెం ఉంది. నా చెంచు టీము ఒక్క మ్యాచి గెలిస్తే కలప డిపో వెనక స్థలం ఆటలకు వదిలేస్తాడట. ఓడితే వానలకు అక్కడ టేకు నాటిస్తాడట. ఆ స్థలంలో ముళ్లు పీకింది ఎవరు? నేనూ, గూడెం కుర్రాళ్లూ. డిపోలో రంపం కోసి వచ్చి, పొద్దు గుంకేదాకా.

జనవరి 16

పాత స్పోర్ట్స్ పుస్తకం కూడబలుక్కుంటూ చదివాను. అందరికంటే బరువైనవాడు తాడు కొసన ఉండాలి, నడుముకు చుట్టుకుని. వాణ్ని యాంకర్ అంటారు. ఈదన్నను పెట్టాను. దున్నపోతంత మనిషి. వాడి ముందు వాడి తమ్ముడు బయ్యన్న, ఆ ముందు మిగతావాళ్లు. డిపో కూలీలతో ప్రాక్టీసు. ఓడాం.

జనవరి 23

మళ్లీ ఓడాం.

ఫిబ్రవరి 6

ఒళ్లు మండిపోతోంది. బయ్యన్న తేనె కోసం కొండ అంచున తాడుకు వేలాడే మనిషి. ఇక్కడ మాత్రం వెనక్కి వాలడు. చేతులు తాడు మీద, బరువంతా కాళ్ల మీద. మిగతావాళ్లూ అంతే. సోమరిపోతులన్నాను. రాయకూడనివీ అన్నాను. విని, తాడు చుట్ట చుట్టి పోతారు. తిట్టించుకునే పందెముంటే ఫస్టు ప్రైజు వీళ్లదే.

ఫిబ్రవరి 13

బయ్యన్న భార్య ఈరమ్మ నా తిట్లు విని పొట్ట పట్టుకుని నవ్వింది. ఏమప్పా లేవీ, అంత పుస్తకం చదివినావు, నా మొగుని తాడు కొస వాళ్లన్న చేతికిస్తివే, నన్ను ముండమోపిని చేస్తావా అంది.

అప్పుడు చెప్పారు కుర్రాళ్లు. తేనెకు కొండ దిగితే పైన తాడు పట్టేది బామ్మర్దే. సొంత అన్నో తమ్ముడో పట్టకూడదు. మొగుడు పోతే ఆ ఆడమనిషి మీద అన్నదమ్ములకు ఆశ పుట్టొచ్చు. అక్క విధవ కావాలని ఏ తమ్ముడూ కోరుకోడు. టీములో అందరిదీ ఒకే ఇంటిపేరు, అందరూ ఈదన్నకు తమ్ముళ్ల వరసే. ఈదన్న పక్కనే ఉన్నాడు. కోపం తెచ్చుకోలేదు. ఔ లేవన్నా, నా తాడు నేనూ వీనికియ్యను అన్నాడు.

ఇది నేల, కొండ కాదు అని అరిచాను. తాడు తాడే గదన్నా అన్నాడు బయ్యన్న.

ఈ ముక్క జనవరిలో ఏడవొచ్చు కదా అన్నాను. నువ్వు తిడతాండావు గానీ యాడ అడిగితివి అన్నారు.

ఫిబ్రవరి 20

ఈదన్నను ముందుకు పంపి, ఈరమ్మ తమ్ముడు గురవన్నను కొసన పెట్టాను. అందరికీ బామ్మర్ది వరసే. చీపురుపుల్ల. తాడు చుడితే మనిషి కనబడడు.

గెలిచాం! బయ్యన్న వీపు నేలకు ఆనేంత వాలాడు.

మార్చి 5, నంద్యాల



మ్యాచికి మూడు లాగుళ్లు. మొదటిది మాదే. అవతల మిల్లు టీము బోర్లా పడింది. కమిటీ పెద్దమనిషి కుర్చీ దిగి వచ్చాడు. ఈ బక్కోడు కొసనుంటే ఎట్ల గెలుస్తారప్పా, ఏందో మోసముండాది అన్నాడు. గురవన్న పంచె దులిపించాడు. వాడి కాళ్ల కింద మన్ను తవ్వించాడు. ఏమీ లేదు. అయినా సరే, లావుపాటోడు కొసన నిలబడాల, లేకుంటే టీము ఔట్ అన్నాడు. రూల్సులో ఎక్కడుందని అడిగాను. నువ్వెవరన్నాడు. రంపం కోసేవాణ్నన్నాను. జనం నవ్వారు.

ఈదన్నను వెనక్కి, కొసకు పంపారు. బయ్యన్నను బతిమాలాను. ఒక్కసారి వాలప్పా, స్థలం పోతాది అన్నాను. వెనక్కి తిరిగి అన్న నడుముకున్న తాడు చూశాడు. ముండ్లు ఇంకోతాన పీకుదాం లేవన్నా అన్నాడు.

మిగతా రెండూ ఓడాం. చెంచోళ్లకు కండుండాది, పట్టుదల లేదు అన్నాడా పెద్దమనిషి. మీదికి పోబోయాను. గురవన్న నా నడుము పట్టుకున్నాడు. ఆ చీపురుపుల్ల పట్టుకుంటే అడుగు కదల్లేకపోయాను.

బయ్యన్న మీదా కోపంగానే ఉంది. ఉన్నది రాస్తున్నాను.

మార్చి 9

ఒక లాగుడు గెలిచాం కదా అన్నాను. మ్యాచి అంటి గానీ లాగుడు అంటినా అన్నాడు రేంజరు.

జూన్ 14

డిపో వెనక స్థలంలో టేకు గుంటలు తవ్వాం. తవ్వింది మేమే. సాయంత్రం ఈరమ్మ కొంగు బిగించి, పందెంలో లాగా గుంట మీద గుంట దూకింది. నాలుగోదాంట్లో పడింది. మోకాళ్లు పైకెత్తు అని నా నోరే అరిచింది.