తల్లి మాట లేదని వేసిన సున్నా గురించి

కళాశాల ప్రిన్సిపాల్ గారికి,

అయ్యా,

విషయం: మాస్ కమ్యూనికేషన్ కోర్సు రెండో సంవత్సరంలో, చనిపోయిన నా కూతురి మీద పిల్లల చేత రాయించి మార్కులు వేసిన పద్ధతి గురించి, అందులో ఒక పిల్లకు సున్నా వేసి పరీక్షకు కూర్చోనివ్వకపోవడం గురించి.

మనవి చేసుకొనునది ఏమనగా, నేను చొక్కాల కార్ఖానాలో కాలర్లు కుట్టే మనిషిని. అయిదో తరగతితో బడి మానేశాను. అర్జీ ఎలా రాయాలో మా మేస్త్రీని అడిగితే, "నంబర్లు వేసి రాయమ్మా, తమరు అను, కోపం కనబడనీయకు, పని అవుతుంది" అన్నాడు. నంబర్లు వేస్తున్నాను. తమరు అంటున్నాను. మూడోది నా వల్ల కాదు.

1. నా కూతురు తమ కళాశాలలో పై కోర్సు చదువుతూ, గడచిన నెలలో బస్సు దిగి రోడ్డు దాటుతుండగా వ్యాను కింద పడి చనిపోయినది. ఈ సంగతి తమకు తెలుసు. తెలుసని ఎందుకంటున్నానంటే, పూలదండ పంపారు. ఆ వెనకే, నా కూతురి దగ్గరున్న కాలేజీ కెమెరా వెంటనే అప్పగించమని నోటీసూ పంపారు.

2. కెమెరా ఇవ్వడానికి వచ్చాను. ఆ శాఖ వరండాలో గోడ నిండా నా కూతురి ఫొటోలు. ఒకటే ఫొటో, అన్ని కాగితాల మీదా. కింద పేపర్లో వేసినట్టు వార్త. పైన ఎర్ర సిరాతో మార్కులు. కొన్నిటి మీద సిరా దాని నుదుటి దాకా వచ్చింది. నేను నిలబడి కూడబలుక్కుని చదువుతుంటే అటెండరు చూసి స్టూలు తెచ్చి వేశాడు. తమ కళాశాలలో నాకు జరిగిన మర్యాద అదొక్కటే కనుక రాస్తున్నాను.

3. విచారించగా తెలిసినదేమనగా, పోయినవాళ్ల గురించి వార్త రాయడం ఆ కోర్సులో ఒక పాఠమట. ఏటా ఎవరో పెద్దమనిషి పోయినట్టు ఊహించుకుని రాయిస్తారట. ఈసారి ఊహించుకునే శ్రమ తప్పింది గదా అని శాఖాధిపతి మేడం తరగతికి నా కూతుర్ని ఇచ్చింది. ముగింపు కదిలించేలా ఉంటే ఇన్ని మార్కులు, ఫొటో సరిగ్గా పెడితే ఇన్ని. ఇంట్లోవాళ్ల నోటి మాట మాత్రం తప్పకుండా ఉండాలి, రెండు వాక్యాలకు మించకూడదు. అది లేకపోతే మిగతాదంతా ఎంత బాగున్నా సున్నా. సున్నా వస్తే పరీక్షకు కూర్చోనివ్వరు, ఏడాదంతా మళ్లీ చదవాలి.

4. అందుకని పిల్లలు నా ఇంటి మీదికి వచ్చారు. "ఆంటీ, ఇప్పుడు మీకు ఎలా అనిపిస్తోంది?" అని ఒక అబ్బాయి ఫోను తెచ్చి నా నోటి దగ్గర పెట్టాడు. నేను దాని దుప్పటి ఉతుకుతున్నాను. వాడు చేతులు కడుక్కుని వెళ్లిపోతుంటే, "కుళాయి కట్టేసి వెళ్లు నాయనా" అన్నాను. అంతే అన్నాను. ఆ అబ్బాయిదే మొదటి మార్కు. అందులో నేను "నా ఇంటి దీపం ఆరిపోయింది, సమాజానికి సేవ చేయాలన్నదే నా బిడ్డ కల" అని కన్నీరుమున్నీరుగా చెప్పినట్టు ఉంది. మా ఇంట్లో సమాజం అనే మాట ఎవరమూ వాడము. పక్కన మేడం చేతిరాత: తల్లి మాట అద్భుతం. అద్భుతమైన మాట కుళాయి గురించి అన్నది, అది ఎవరూ రాయలేదు.

5. గోడ మీది కాగితాలన్నీ నా కూతుర్ని మితభాషి అన్నాయి, నెమ్మదస్తురాలు అన్నాయి. ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు. నా కూతురు నవ్విందంటే కింది వాటా పెద్దాయన కర్ర పెట్టి తన పైకప్పు పొడిచేవాడు, ఠక్ ఠక్ ఠక్ మని మా కాళ్ల కింద. ఇది మడమతో తిరిగి కొట్టేది. కిటికీలోంచి తల పెట్టి, "తాతా, కర్ర విరిగిపోతుంది, జాగ్రత్త" అనేది. "విరిగితే సగం నీ వీపున విరగ్గొడతానే గయ్యాళీ" అనేవాడాయన. నెమ్మదట. ఈ కర్ర సంగతి అన్ని కాగితాల్లోనూ ఒక్కదానిలోనే ఉంది. అది మూలన పెట్టిన కాగితం. దాని మీద సున్నా. "కుటుంబ సభ్యుల మాట లేదు" అని రాశారు.

6. ఆ కాగితం రాసిన పిల్లను నా కూతురు నత్త అనేది, ఏ పనీ వేళకు చేయదని. అసలు పేరు తమ రిజిస్టరులో చూసుకోండి, నాకు నత్త అనే అలవాటు. మాట అడగలేదంటే ఇంటికి రాలేదని కాదు. అందరూ ఒక్కసారి వచ్చారు, నత్త రోజూ వచ్చేది. నేను ఇంటికి తెచ్చుకున్న కాలర్లకు దారాలు కత్తిరిస్తూ కూర్చునేది. గోడ చూసి వచ్చిన రోజు అడిగాను.

"అడిగితే చెప్పేదాన్ని కదే, ఎందుకడగలేదు?"

"మీరు పని చేసుకుంటున్నారు కదా ఆంటీ."

"నేనన్నట్టు ఏదో ఒకటి రాసి పడేయాల్సింది. అందరూ రాయలేదూ?"

"మీ అమ్మాయి ఉంటే చెవి మెలిపెట్టేది" అంది. అని మళ్లీ దారాలు కత్తిరించుకుంది.

7. మర్నాడు మేడం దగ్గరికి వెళ్లాను. "ఇవి వృత్తి ప్రమాణాలమ్మా. మాట లేకపోతే అది వార్తే కాదు. మీరు బాధలో ఉన్నారు, ఇంటికి వెళ్లండి" అంది.

"బాధలో ఉన్నానని మీకెవరు చెప్పారు? ఆ మొదటి మార్కు అబ్బాయా?" అన్నాను.

"చూడండమ్మా..."

"నేను అనని మాటకు పూర్తి మార్కులేమిటి?"

"మీరు అనలేదని రుజువేమిటి?" అంది. అయ్యా, నా నోటికి నేనే సాక్ష్యం తెచ్చుకోవాలట.

మా కార్ఖానాలోనూ చెకింగ్ ఉంది. కాలరు వంకర పోతే సుద్దతో గీత పెట్టి విసిరేస్తారు. నావీ విసిరేశారు, తిట్టుకున్నాను. కానీ కాలరును చూసే గీత పెట్టారు. తమ మేడం చొక్కా లేకుండా వచ్చిన గుండీకి మార్కులు వేసింది. చొక్కాను గోడ మూలకు నెట్టింది.

8. కనుక తమరు చేయవలసినవి. కోరుతున్నాను అని రాయమన్నాడు మేస్త్రీ, నేను చేయవలసినవి అనే రాస్తున్నాను. నత్తను పరీక్షకు కూర్చోబెట్టవలెను. గోడ మీంచి నా కూతుర్ని దించవలెను. నా నోట పెట్టిన ఆ దీపాన్ని కొట్టివేయవలెను. ఆ అబ్బాయి మార్కులు తీసేయమనను. పెద్దవాళ్లు ఏడుపు తెమ్మంటే, దొరక్క, చేసి తెచ్చాడు. మార్కులు పోవలసింది వాడివి కాదు.

9. నత్త కాగితం దీనితో జతపరచడమైనది. గోడ మీంచి పీకింది నేనే. అటెండరు వద్దన్నాడు, ఆయన తప్పేమీ లేదు. ఫొటో మీది మరక కూడా నాదే. తడిగుడ్డతో సున్నా తుడుద్దామని చూశాను. సున్నా పోలేదు, ముఖం చెరిగింది.

పై సంగతులు తమరు చిత్తగించవలెను. చిత్తగించి సొరుగులో వేయరాదు. జవాబు రాకపోతే మళ్లీ వస్తాను. స్టూలు ఎక్కడుంటుందో నాకు తెలుసు.

ఇక్కడ తమ విధేయురాలు అని రాయాలట. విధేయత నా దగ్గర లేదు.

ఇట్లు,
కెమెరా తిరిగి ఇచ్చిన తల్లి

తా.క. నియమం ప్రకారం తల్లి మాట, రెండు వాక్యాలు, ఈ కింద ఇస్తున్నాను. నత్త కాగితం చివర చేర్చుకుని మార్కులు వేయగలరు. ఎవరూ అడక్కుండా చెబుతున్నాను కనుక ఇది నా మాటే.

"కింది వాటా పెద్దాయన కర్రతో కొట్టడం మానేశాడు. నిన్న నేను కావాలని గిన్నె కింద పడేశాను, అయినా కొట్టలేదు."