మీ ఊళ్ళో పంపు ఉందా?

కూర్మన్నపాలెం,
3 ఫిబ్రవరి 1981

పూజ్యులైన బావగారు తవిటయ్య గారికి, బావమరిది శ్రీరామ్మూర్తి నమస్కారాలు.

ఇక్కడ నేనూ, మీ చెల్లెలు రామలక్ష్మమ్మా క్షేమం. అక్కడ మీరూ, అక్కా, గేదే క్షేమమని తలుస్తాను.

ఒక శుభవార్త. మా కాంట్రాక్టరు ఆఫీసు గుమాస్తాలం కలిసి 'సాగరతీర సుదూర సైకిలు యాత్రా సంఘం' పెట్టాం. అధ్యక్షుణ్ణి నేనే. కంచరపాలెంలో సైకిలు షాపు నడిపే అబ్దుల్ హమీద్ గారు సభ్యులు. సంఘంలో సైకిళ్ళ గురించి తెలిసినవాడు ఆయనొక్కడే కాబట్టి మీటింగుల్లో ఆయన్ని మాట్లాడనివ్వం. మాట్లాడితే తీర్మానాలు ఆలస్యమవుతాయి.

శివరాత్రి వెళ్ళాక, ఎండలు ముదరకముందు, జీడితోటలు పూత మీద ఉండగా బయలుదేరి, అచ్యుతాపురం మీదుగా సముద్రపు ఒడ్డున ఉన్న మీ మొగలిదిబ్బ దాకా తొక్కాలని మా ప్రణాళిక. ఆ రాత్రి మీ ఇంట్లో పడుకుని మర్నాడు తిరుగు ప్రయాణం. ఇంత దూరం సైకిళ్ళ మీదా అని ఆఫీసంతా నోరు వెళ్ళబెట్టింది. ఇది చాలా సాంకేతికమైన వ్యవహారం బావగారూ, పల్లెటూళ్ళో ఉన్న మీకు ఒకంతట అర్థం కాదు.

ఒక్క సంగతి మాత్రం కనుక్కుని రాయండి. మీ ఊళ్ళో పంపు ఉందా? లేకపోతే మేమే తెస్తాం.

ఇట్లు,
మీ శ్రీరామ్మూర్తి

తా.క. భోజనాలకి మీరేమీ హడావిడి పడవద్దు. కోడి ఒకటి చాలు. తలకి.


మొగలిదిబ్బ,
9 ఫిబ్రవరి

చిరంజీవి శ్రీరామ్మూర్తిని బావ తవిటయ్య దీవించి రాయడమేమనగా,

మేమూ, గేదే బాగానే ఉన్నాం. విశాఖపట్నంలో సముద్రం ఉండగా సముద్రం కోసం ఇక్కడిదాకా ఎందుకో నాకు తెలియలేదు. మీ ఒడ్డున ఓడలు అడ్డమేమో. సరే, రండి.

మా ఊళ్ళో పంపు లేదు. ఊరు పుట్టిన నాటి నుంచీ లేదు. బావి ఉంది గాని ఆ నీళ్ళు నోట్లో పోసుకుంటే కూరలో ఉప్పు వెయ్యనక్కర్లేదు. మీ అక్క తెల్లారకుండా లేచి, బిందె నెత్తిన పెట్టుకుని, జీడితోటలు దాటి, పక్క ఊరి బావికి వెళ్ళి వస్తుంది. ఈమధ్య మెడ తిప్పలేకపోతోంది. పంచాయతీ సమితి ప్రెసిడెంటు అప్పలసూరి గారికి ఎన్ని అర్జీలు పెట్టామో లెక్కలేదు. "సూద్దాం" అంటాడు. మళ్ళీ వెళితే "సూత్తన్నాం కదేటి" అంటాడు.

నీ ఉత్తరం టీ దుకాణంలో పదిమంది ఎదుట చదివాను. 'మీ ఊళ్ళో పంపు ఉందా? లేకపోతే మేమే తెస్తాం' అన్నచోట, మీ అక్కతో పాటు నీళ్ళకి వెళ్ళే గంగాలమ్మ లేచి నిలబడింది. "ఏటన్నావన్నా? మల్లీ సదువు" అంది. మళ్ళీ చదివాను. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

మీరు తెచ్చే పంపు ఎలాంటిదో, ఎవరు కొట్టవచ్చో ఊళ్ళోవాళ్ళు అడుగుతున్నారు. వివరంగా రాయి.

ఇట్లు,
తవిటయ్య

తా.క. కోడి తలకి ఒకటన్నావు. ఎన్ని తలలో రాయలేదు.


కూర్మన్నపాలెం,
14 ఫిబ్రవరి

బావగారికి నమస్కారాలు.

మీ ఊరివాళ్ళకి సైకిలు యాత్ర మీద ఇంత అభిమానమని నేను కలలో కూడా అనుకోలేదు. గంగాలమ్మ గారు ఏడ్చిన ముక్క మీటింగులో చదివాను. మా సభ్యులు కూడా కళ్ళు తుడుచుకున్నారు. మొగలిదిబ్బ ప్రజలకి అభినందనలు తెలుపుతూ తీర్మానం చేశాం.

ఇక పంపు సంగతి. చేత్తో కొట్టేదే. ఇత్తడి గొట్టం, చెక్క పిడి. మూరెడు పొడుగుంటుంది. జిలానీ బాషా అని మా కుర్ర గుమాస్తా ఉన్నాడు, అతను భుజాన వేసుకుని తెస్తాడు. లోపల తోలు వాషరు అరిగిపోతే హమీద్ గారు కొత్తది వేశారు. చుక్క నూనె వేస్తే చాలు, ఆడవాళ్ళు కూడా అలవోకగా కొట్టవచ్చు. ఒక తొట్టె నిండా నీళ్ళు మాత్రం పక్కనే సిద్ధంగా ఉంచండి. అది చాలా ముఖ్యం.

ఇట్లు,
మీ శ్రీరామ్మూర్తి

తా.క. యాత్ర టోపీలు తెల్లవా నీలివా అన్నదాని మీద సంఘం రెండుగా చీలింది. ఇంకా ఎవరూ సైకిలెక్కలేదు. తలలు ఎనిమిది.


మొగలిదిబ్బ,
21 ఫిబ్రవరి

చిరంజీవి శ్రీరామ్మూర్తికి దీవెనలు.

నువ్వు రాసిన ఇత్తడి గొట్టం, తోలు వాషరు, చుక్క నూనె, అన్నీ ఊరికి చెప్పాను. పంపు పక్కన ముందే నీళ్ళెందుకు అని కొందరికి అనుమానం వచ్చింది. "మొదట కాసిన్ని నీల్లు పోత్తేనే పంపు నీల్లు లాగుతాది, తెల్దేటి" అని నూకాలు సర్దిచెప్పాడు. నూకాలు ఒకసారి అనకాపల్లి వెళ్ళొచ్చిన మనిషి.

పంపు మా వీధిలో అంటే మా వీధిలో అని రెండు వీధులవాళ్ళూ మాటలు మానుకున్నారు. చివరికి నడిమధ్యన గట్టు కట్టించి, కొబ్బరాకుల పందిరి వేశారు. సన్నాయి వాళ్ళకి కబురు వెళ్ళింది.

ఈ సంగతి ప్రెసిడెంటు చెవిన పడి నిన్న జీపులో వచ్చాడు. ఎన్నికలు లేకుండా ఆ జీపు ఈ ఊరు రావడం ఇదే మొదలు. "నా సమితిలో పంపు తెచ్చీవోడెవుడు?" అన్నాడు. మా బావమరిది అన్నాను. "ఆడి ఉద్దేశం ఏటి? రేపు నిలబడతాడేటి?" అన్నాడు. "నిలబడడండి, తొక్కుతాడు" అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. నువ్వు అధ్యక్షుడివని కూడా చెప్పాను. టీ తాగకుండా వెళ్ళిపోయాడు.

ఇట్లు,
తవిటయ్య

తా.క. గట్టు మీద రాతిపలక పెట్టి నీ పేరు చెక్కిస్తామంటున్నారు. ఇంటిపేరు పొల్లు పోకుండా రాసి పంపు.


కూర్మన్నపాలెం,
26 ఫిబ్రవరి

బావగారికి,

క్షేమ సమాచారాలు తర్వాత. కొంప మునిగింది.

మీ ఉత్తరం మీటింగులో చదివాను. రాతిపలక అన్నచోట అందరూ చప్పట్లు కొట్టారు. హమీద్ గారు మాత్రం లేచి, "అధ్యక్షా, మాట్లాడొచ్చా?" అన్నారు. వద్దన్నాం. అయినా మాట్లాడారు. "వాళ్ళు ఎదురుచూస్తున్నది నీళ్ళ పంపు సాబ్" అన్నారు.

బావగారూ, అది సైకిలు పంపు. చక్రానికి గాలి కొట్టుకునేది. తెల్లవార్లూ కొట్టినా అందులోంచి గాలి వస్తుంది గాని చుక్క నీరు రాదు. తొట్టెలో నీళ్ళు పంక్చరు ఎక్కడుందో చూసుకోవడానికి. ఈ ఉత్తరం ఊరందరికీ చదివి వినిపించండి. పందిరి విప్పించండి. గంగాలమ్మ గారి కాళ్ళకి నా బదులు మీరు దణ్ణం పెట్టండి.

ఊరంతా ఎదురొస్తే మూరెడు గొట్టం పట్టుకుని నిలబడే ధైర్యం మాలో ఎవరికీ లేదు. యాత్రని భీమిలి వైపు మళ్ళించాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. మాలో మాకు కుదిరిన మొదటి మాట ఇదే.

మీ పాత ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. అక్క మెడ సంగతి అందులో రాశారు. నేను జవాబులో వాషరు గురించి రాశాను, అక్క గురించి ఒక్క ముక్క రాయలేదు. సిగ్గేస్తోంది బావగారూ. అక్కకి మొహం చూపించలేను.

ఇట్లు,
శ్రీరామ్మూర్తి

తా.క. కోళ్ళని ఇంకా కొయ్యకపోతే ఆపండి. కోసేస్తే మాత్రం పారెయ్యకండి, కబురు పెట్టండి.


మొగలిదిబ్బ,
12 మార్చి

చిరంజీవి శ్రీరామ్మూర్తికి దీవెనలు.

నీ ఉత్తరం అందింది. ఎవరికీ వినిపించలేదు. మీ అక్క దానితో పొయ్యి రాజేసింది. భీమిలి బాగా తిరిగి ఉంటారు.

శివరాత్రికి ముందే ప్రెసిడెంటు బోరు లారీ తోలుకొచ్చాడు. "ఆల్లొచ్చీలోగా నీల్లు పడాల, పడకపోతే మీ సంగతి సెప్తాను" అని లారీ వాళ్ళ నెత్తిన కూర్చున్నాడు. మేం కట్టిన గట్టు మీదే, మేం వేసిన పందిరి కిందే పంపు దిగింది. సన్నాయి కూడా మాదే. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. గంగాలమ్మ పంపు కొట్టింది, మీ అక్క మొదటి బిందె పట్టింది. బిందె నిండినా చాలాసేపు కదల్లేదు. చూస్తూ నిలబడిన నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

రాతిపలక మీద నీ పేరు రాలేదు. అప్పలసూరి గారి పేరే, అదీ పంపు కంటే పెద్దది. నువ్వేమీ అనుకోకు.

ఇక అసలు సంగతి. నేను ఇరవయ్యేళ్ళు కొబ్బరికాయల గోనె వెనక కట్టుకుని అచ్యుతాపురం సంతకి సైకిలు తొక్కినవాణ్ణి. నువ్వు సుదూర యాత్ర అంటున్నది ఆ రోడ్డే. సైకిలెక్కేవాడు పంపు ఉందా అని అడిగితే ఏ పంపో నాకు తెలియదా? అందుకే టీ దుకాణంలో ఆ ఒక్క ముక్కే చదివాను, ముందూ వెనకా చదవలేదు. ఎందుకంటే అక్కడి బల్ల మీద ప్రెసిడెంటు మనిషి కూర్చుని ఉన్నాడు. మేం దాహమంటే కదలని మనిషి, ఇంకొకడు పేరు కొట్టేస్తున్నాడంటే లేచి వస్తాడనిపించింది. వచ్చాడు.

గంగాలమ్మ ఏడ్చినప్పుడు మాత్రం భయపడ్డాను. ప్రెసిడెంటు కదలకపోతే ఆవిడకి నా మొహం ఎలా చూపించాలా అని ఆ లారీ వచ్చేదాకా నాకు తిండి సయించలేదు.

మీ అక్క నీ మీద కోపంగా లేదు. "ఆడు తెలివైనోడైతే ఈ పనయ్యేదేటి" అంటోంది. అందరూ కలిసి రండి. హమీద్ గారిని తప్పకుండా తీసుకురా, ఆయన్ని మాట్లాడనివ్వు. ఎనిమిది కోళ్ళూ పెరట్లో తిరుగుతున్నాయి.

ఇట్లు,
తవిటయ్య

తా.క. మీ ఊళ్ళో పంపు ఉందా అని అడిగావు. ఉంది. కాని అందులోంచి గాలి రాదు, నీళ్ళే వస్తాయి. నీది నువ్వు తెచ్చుకో.