ఏడు చూలు గొర్రెలు

రేవు షెడ్డు,
మే 4

ప్రియమైన భాగ్యక్కకి,

ఉద్యోగంలో చేరి నెలైంది. మాట్లాడేందుకు ఎవరూ లేరు, ఫోనులో రెండు ముక్కలతో తీరదు, అందుకే ఈ ఉత్తరం. గల్ఫ్ వెళ్లే గొర్రెల్ని ఓడ వచ్చేదాకా ఈ రేకుల షెడ్డులో ఉంచుతారు. నలభై పట్టే దొడ్డిలో తొంభై. మధ్యాహ్నం అన్నీ నోళ్లు తెరిచి రొప్పుతాయి. నా పని కాగితం నింపడం: కుంటిది కాదు, జబ్బుది కాదు, చూలుది కాదు. పొట్ట తడిమి చూస్తానంటే, ఇక్కడి పశువుల డాక్టరుగారు, "రెండు వేలున్నాయి, సాయంత్రానికి కావాలి," అన్నారు. కుర్చీలో కూర్చునే టిక్కులు పెడుతున్నాను. గదికొచ్చాక ఒక్కోరోజు నా గొంతు నేనే వినను. జవాబు రాయి.

నీ సింధు

కోటబొమ్మాళి,
మే 10

ఒసే సింధూ,

నీ ఉత్తరం రెండుసార్లు సదివేను. మనుషుల్లేకపోతే గొర్రెల్తో మాటాడు, నేను సేసేది అదే. మీ బావ జీడిపిక్కల పనికి పలాస ఎల్లిపోయేడు. మేత లేక ఏడు గొర్రెలు మొన్న ఇచ్చీసేను. ఏడూ సూలువే. మనింట్లో సూలుదాన్ని కోతకివ్వం కదా. బొబ్బిలి దగ్గర పెంపకానికేనని కొన్న త్రినాథ్ సేతిలో సెయ్యేసి సెప్పేడు, అప్పుడే ఇచ్చేను. ఒకటి వారం పది రోజుల్లో ఈనీసేలా ఉన్నాది. బొబ్బిలిలో నీ స్నేహితురాలు ఈశ్వరి ఉన్నాది కదా, ఓపాలి ఎళ్లి సూడమని సెప్పవే. గుర్తు ఎడం సెవికి రెండు గాట్లు.

మీ అక్క

రేవు షెడ్డు,
మే 13

ప్రియమైన అక్కకి,

ఎడమ చెవికి రెండు గాట్లు పెట్టేవాళ్లు మన చుట్టుపక్కల ఇంకెవరైనా ఉన్నారా? త్రినాథ్ ఏ రోజు తోలుకెళ్లాడు? గుర్తు తెచ్చుకుని రాయి, తొందరేం లేదు. ఈశ్వరికి చెబుతాను. ఇక్కడ ఎండ ఎక్కువగా ఉంది.

సింధు

కోటబొమ్మాళి,
మే 17

ఒసే,

ఏటే, పోలీసోడిలా అడుగుతన్నావు? రెండు గాట్లు మనింటివే, ఇంకెవరూ పెట్టరు. ఏడో తారీఖున తోలుకెళ్లేడు. ఎల్లేముందు ఒకటి నా సీర కొంగు నమిలీసింది. ఈశ్వరి సూసిందా? అది ఈనిందా? పాకలోకెల్తే ఏ సప్పుడూ లేదు. దాసకుండా రాయి.

మీ అక్క

రేవు షెడ్డు,
మే 21

ప్రియమైన అక్కకి,

ఈశ్వరికి నేనేమీ చెప్పలేదు. నీ గొర్రెలు బొబ్బిలి వెళ్లలేదు. పదమూడున నీ ఉత్తరం చదివి దొడ్లన్నీ వెతికాను. నాలుగో దానిలో ఏడూ ఉన్నాయి. ఒకదాని పొదుగు బిగిసి ఉంది. మూడు రోజుల ముందు వాటికి చూలు లేదని టిక్కు పెట్టింది నేనే.

ఆపమంటే, నీ కాగితం తప్పని రాసివ్వు అన్నారు డాక్టరుగారు. రాస్తే ఓడ ఆగుతుంది, నా ఉద్యోగం పోతుంది. మా అక్కవేనని రూఢి చేసుకుని రాస్తానన్నాను. ఫోను చేస్తే అరనిమిషం. నేను ఉత్తరం రాశాను. ఓడ పదిహేనున వెళుతుందనీ, నీ జవాబు ఆలోపు రాదనీ తెలిసే రాశాను.

ఎక్కించేటప్పుడు వాలు చెక్క మీద ఆ పొదుగు బిగిసింది కూలబడిపోయింది. ఇద్దరు కాళ్లు పట్టి లాక్కెళ్లారు. నేను చూస్తూ నిలబడ్డాను. తొమ్మిది రోజుల ప్రయాణం అక్కా. ఈపాటికి ఈనే ఉంటుంది. పిల్ల నిలబడడానికి అక్కడ చోటు లేదు.

అది క్షేమమని నీకో ఉత్తరం రాసి చింపేశాను. నిన్న తప్పు ఒప్పుకుంటూ రాసిచ్చాను, నకలు జిల్లా అధికారులకు పంపాను. "ఓడ వెళ్లిపోయాక ఇదెందుకమ్మా," అన్నారు డాక్టరుగారు.

ఇవాళ కొత్త మంద దిగింది. నన్నింకా పంపెయ్యలేదు. మొదటి దొడ్డిలోకి దిగి ఒక్కోదాని పొట్ట తడిమాను. ముప్ఫై అయ్యేసరికి పొద్దు వాలింది. నాలుగు చూలువి. వాటిని వేరుగా కట్టి, దగ్గరే కూర్చుని ఇది రాస్తున్నాను.

సింధు