కళ్ళం పాటకు రెండు తర్జుమాలు

1952 ఫిబ్రవరి 4, సోమవారం

యూనివర్సిటీ పేపర్లో నా ఫోటో. మొదటి పేజీలోనే. తంబురాకి బదులు ఎవరిదో పాత బాంజో భుజాన... నోరు ఇంత తెరుచుకుని. ఎడమ పక్క ఇక్కడే చదువుకునే సుబ్బారావుగారు. కుడి పక్క నాతో ల్యాబ్‌లో పనిచేసే హెలెన్, ఓట్స్ డబ్బాని గుమ్మెటలా చంకలో ఇరికించుకుని. శనివారం విదేశీ విద్యార్థుల సభలో మేం కళ్ళం పాటని బుర్రకథలా పాడినప్పటిది. అమెరికా వాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. హెలెన్ ఫోటో కత్తిరించి ల్యాబ్‌లో నా బల్ల మీద అంటించింది. పొద్దుటి నుంచీ గాల్లో తేలుతున్నాను.

మధ్యాహ్నం గానీ ఫోటో కింద రాసింది చదవలేదు.

మీ దేశంలో కూడా పాడేవారా అని రిపోర్టరు అడిగాడు. నా నోటి దురద. మా అక్క కథ చెప్పేది, నేను వంత పాడేదాన్ని, ఎడమ పక్క వంత నవ్వించాలి, కుడి పక్క వంత రాజకీయం మాట్లాడాలి, నాది కుడి పక్క... అంతా పూస గుచ్చినట్టు చెప్పాను. అచ్చులో — "స్వదేశంలో రెండేళ్ళపాటు దళంలో రాజకీయం మాట్లాడే బాధ్యత మిస్ సుశీలది."

ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. అందుకే ఆ వాక్యం మీద పుస్తకం పెట్టి కప్పేశాను.

ఫిబ్రవరి 5

సెప్టెంబరులో ల్యాబ్ ఉద్యోగానికి సంతకం పెట్టిన కాగితం గుర్తొచ్చింది. కమ్యూనిస్టు పార్టీలో గానీ, దాని అనుబంధ సంఘాల్లో గానీ ఎప్పుడైనా ఉన్నారా? లేదు — అని రాశాను. హెలెన్ పక్కనే ఉంది. "అందరూ పెట్టేదేగా సుశీ, పెట్టెయ్" అంది.

నాకు పార్టీ కార్డు లేదు. అక్కకి ఉంది. దళం మాత్రం పార్టీదే. నాకు తెలీదా? తెలుసు.

సాయంత్రం సుబ్బారావుగారు వచ్చారు. గుమ్మంలోనే నిలబడ్డారు, గొడుగు కూడా ముడవలేదు. "ఏందమ్మా సుశీలగారూ, నేను మొక్కజొన్న మీద పరిశోధన చేసుకునేవాణ్ణి. నాకెందుకొచ్చిన గొడవ ఇది. పంటకోతల పాట అంటిరి."

మీరు తెలుగువారే కదా, పాట అర్థం కాలేదా అన్నాను.

"అర్థమైంది కాబట్టే అడగలా" అన్నారు.

ఫిబ్రవరి 6

ల్యాబ్ ఎదుటి గదిలో నిరుడు లెక్కల మాస్టారు ఉండేవాడు. ఆ కాగితం మీద సంతకం పెట్టనన్నాడట. తలుపు మీద పేరు పలక పీకేశారు. నాలుగు మేకుల కన్నాలు మిగిలాయి. రోజూ ఆ ముందు నుంచే నడిచాను. ఇవాళే చూశాను.

ఫిబ్రవరి 7

ఇంటావిడ మిసెస్ లార్సన్ వంటింట్లో గిన్నెలు తుడుస్తూ, నా మొహం చూడకుండా చెప్పింది. ఎవరో పెద్దమనిషి వచ్చాడట. మంచివాడట. కాఫీ ఇచ్చిందట. నాకు ఉత్తరాలు ఎక్కడి నుంచి వస్తాయి, ఎవరు వస్తారు పోతారు అని అడిగాడట. "నువ్వు శుభ్రమైన పిల్లవని చెప్పానమ్మా."

శుభ్రమైన పిల్ల. గదిలోకి వచ్చి తలుపు గడియ వేసుకున్నాను. మళ్ళీ, ఏదో దాస్తున్నానని ఆవిడ అనుకుంటుందేమోనని తీశాను.

ఫిబ్రవరి 8

అక్క ఉత్తరం. ఖర్మ కాలి ఇవాళే రావాలా. ఎన్నికల్లో మనవాళ్ళు గెలిచారట, ఊరంతా ఎర్ర జెండాలట. "నువ్వుంటే కుడి పక్క నిలబడేదానివి కదే చిన్నీ" అని రాసింది. కవరు అంచు ఉబ్బినట్టుంది. ఎవరో విప్పి మళ్ళీ అంటించారా? తపాలా వాళ్ళ జిగురే అంతా? ఎంతసేపు చూసినా తేలలేదు.

చదివి పొయ్యిలో వేశాను. అక్క చేతిరాత నల్లబడుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఇంత పిరికిదాన్ననుకోలేదు.

ఫిబ్రవరి 11, సోమవారం

ఆఫీసుకి పిలిచారు. ఇద్దరు. ఒకాయన యూనివర్సిటీ మనిషి. రెండో ఆయన ఎవరో చెప్పలేదు, టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. మర్యాదగానే ఉన్నారు. నీళ్ళిచ్చారు.

పాట దేని గురించి?
పంటకోతల గురించి అన్నాను. సభలో అలాగే చెప్పాను కదా, మాట మార్చలేకపోయాను.
"అయితే ఇంగ్లీషులో రాసివ్వడం కష్టం కాదు కదా. శుక్రవారం తొమ్మిదికి."

లేవబోతుంటే టోపీ ఆయన — ఈ ఊళ్ళో మీ భాష వచ్చినవారు ఇంకొకరున్నారట, మిస్టర్ రావు. ఆయన్నీ రాసివ్వమన్నాం. ఇద్దరూ ఇచ్చేదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోవద్దు.



ఫిబ్రవరి 12

పన్నెండు పంక్తుల పాట. ఎనిమిది నిజంగా కోతల గురించే. తక్కిన నాలుగు —

కళ్ళం మనదీ, కండ మనదీ,
కొలిచే కుంచం ఎవడిదిరో
కొడవలి పట్టిన పోలమ్మా
కోతకు కాదే, లేవమ్మా

ఆ "కాదే" ఒక్కటీ తీసేసి, కుంచం దొరదని చెప్పకుండా ఉంటే పండగ పాట. ఉంచితే నేను సంతకం పెట్టిన కాగితం అబద్ధం. డిగ్రీకి మూడు నెలలుంది. ఓడ ఎక్కించి పంపేస్తారు. దానికి ముందు దళంలో ఇంకెవరున్నారని అడుగుతారు. అక్క పేరు చెప్పాలి.

నేను పండగ పాట అని రాసి, సుబ్బారావుగారు నిజం రాస్తే నేను దొరికిపోతాను. నేను నిజం రాసి, ఆయన నా మీద జాలిపడి పండగ పాట అని రాస్తే ఆ అమాయకుడు దొరికిపోతాడు. ఊళ్ళో నాకున్న ఒక్క తెలుగు మనిషి. వద్దన్నా వినకుండా స్టేజీ ఎక్కించింది నేను. ఎడమ పక్క, నవ్వించడానికి. ఆయనకి నవ్వడమే రాదు.

ఏం చెయ్యాలో మా ల్యాబ్ ప్రొఫెసర్‌ని అడిగాను. పైపు నోట్లోంచి తీసి, "నన్ను అడగొద్దు సుశీలా. నువ్వు అడగలేదనుకో, నేను విననట్టే ఉంటాను" అన్నారు. లేచి నాకోసం తలుపు తెరిచారు. ఏడాదిన్నరగా ఆ మర్యాద ఎంత గొప్పదో అనుకున్నాను.

ఫిబ్రవరి 13

వంతెన దగ్గర సుబ్బారావుగారు ఎదురయ్యారు. నన్ను చూసి మంచులోకి దిగి అవతలి వైపు వెళ్ళిపోయారు. మాట్లాడొద్దన్నారు కదా, అందుకే. అందుకేనా?

హెలెన్ నా బల్ల మీది ఫోటో తీసేసింది. "నీ మంచికే సుశీ" అంటూ గాజు గొట్టాలు కడుగుతోంది. కడిగినవే మళ్ళీ కడుగుతోంది. ఫోటోలో తనూ ఉంది. కోపం రావాలి నాకు. రాలేదు.

ఫిబ్రవరి 14

పొద్దున సంగతి తెలుసుకుందామని ఆఫీసుకి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది. టైపిస్టు నోట్లో మాట దాగదు, అన్నీ చెప్పేస్తుంది. "మిస్టర్ రావు నిన్ననే ఇచ్చేశారే. ఒక కాగితం చాలక, ఇంకోటి అడిగి తీసుకున్నారు."

పన్నెండు పంక్తులకి ఇంకో కాగితం ఎందుకు?

పాట గురించి రాశారా, నా గురించి రాశారా. నాకు సాయపడటానికి రాశారా. తను బయటపడటానికి రాశారా. ఇంతకీ ఆయన ఎలాంటి మనిషో నాకు తెలీనే తెలీదు. ఏడాదిగా ఆయన పెట్టిన ఆవకాయ తిన్నాను, అంతే.

ఫిబ్రవరి 15, శుక్రవారం

తొమ్మిదికి పది నిమిషాలు. ల్యాబ్‌లో కూర్చుని రాస్తున్నాను. రెండు తర్జుమాలూ కోటు జేబుల్లో. కుడి జేబులో నిజం. ఎడమ జేబులో పండగ.

కిటికీలోంచి ఆఫీసు మెట్లు కనిపిస్తున్నాయి. మెట్ల మీద సుబ్బారావుగారు. ఇచ్చేసిన మనిషికి ఇక్కడేం పని? టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు, నెత్తి మీద మంచు పడుతున్నా పెట్టుకోవడం లేదు. వాళ్ళు పిలిపించారా. నాకోసం వచ్చారా.

తలెత్తి ఇటే చూశారు. పెదవులు కదిలాయి. ఇంత దూరం నుంచి ఏం తెలుస్తుంది.

వెళ్తున్నా. ఏ జేబులో చెయ్యి పెడతానో నాకింకా తెలీదు.