వేడి పళ్లెం మీద ఎలుకలు

గోండర్,
మెస్కెల్ సిలువ పండుగ మర్నాడు

ప్రియమైన అడ్మాసు మామయ్యకు,

నువ్వు మూటగట్టి పంపిన ఆకు అందింది. అమ్మ నడుంనొప్పికి నువ్విచ్చే మందు ఇదేనని ల్యాబులో అందరికీ గొప్పలు చెప్పుకున్నాను. నీడన ఆరబెట్టి, పొడి చేసి, స్పిరిట్‌లో నానేశాను. ఆ సారం ఎలుకలకు తాగించి వేడి పళ్లెం మీద వదులుతాం. ఎంత ఆలస్యంగా కాలెత్తితే నొప్పి అంత తగ్గినట్టు. మందు గుట్టు ఆడపిల్లకు చెప్పనని పదేళ్లు బెట్టు చేశావుగా, చివరికి దిగొచ్చావు!

నీ మేనకోడలు
ఫాంతాయె

గోండర్,
క్రిస్మస్ ముందు వారం

మామయ్యా,

కోప్పడకు. యాంటీ ఆక్సిడెంట్ పరీక్షలో నీ ఆకు గెలిచింది, ఊదారంగు నీళ్లు నిమిషాల్లో పసుపుపచ్చగా మారిపోయాయి. నొప్పి దగ్గరే తేలిపోయింది. ఉత్త నీళ్లు తాగిన ఎలుకలూ ఇవీ ఒకేసారి కాలెత్తాయి. మూడుసార్లు చేసి చూశాను. నీ కషాయం మానెయ్యమని అమ్మకు ఫోన్లో చెప్పేశాను. ఆసుపత్రి బిళ్లలు పంపుతున్నాను.

ఫాంతాయె

లాలిబెల,
ఈస్టర్ వెళ్లాక

అమ్మా ఫాంతాయె,

మీ అమ్మ పోయిన నలభయ్యో రోజు భోజనాలయి నువ్వు బస్సెక్కేదాకా నా నోరు పెగల్లేదు. మందు ఆకులో లేదు తల్లీ, వేరులో ఉంది. వేరు సంగతి పెద్దకొడుక్కి తప్ప ఎవరికి చెప్పినా బలం పోతుందని మా నాన్న ఒట్టు వేయించుకున్నాడు. అందుకే నీకు ఆకు అంటగట్టాను.

నీ ఫోనొచ్చిన రోజు మీ అమ్మ బిర్కె నా కషాయం గిన్నె పక్కకు నెట్టేసింది. "అన్నయ్యా, నా కూతురు ఊరికే అంటుందా, చదువుకుంది" అంది. నేను గుడ్లప్పగించి నిలబడ్డాను గానీ నిజం చెప్పలేదు. మూడు నెలలు దాని మూలుగు వింటూ కూడా చెప్పలేదు. నా చెల్లెల్ని నేనే ఏడిపించి చంపుకున్నాను. ఇదిగో వేరు. ఒట్టు ఏట్లో కలవనీ.

పాపిష్టి మామయ్య
అడ్మాసు

గోండర్,
వానలు మొదలయ్యాక

మామయ్యా,

వేరు పనిచేసింది. ఎలుకలు పళ్లెం మీద రెండింతల సేపు నిలబడ్డాయి.

నిన్ను నోటికొచ్చినట్టు తిడదామని కూర్చున్నాను, చేతకాలేదు. నీకు తెలియనిది ఒకటుంది. కషాయం మానేసిన వారానికే అమ్మ ఫోన్ చేసింది. "నీ బిళ్లలకు లొంగడం లేదే, మామయ్య మందే నయం, మళ్లీ తాగనా?" అని బతిమాలింది. "అదంతా నీ భ్రమమ్మా, ఎలుకలకే పనిచేయలేదు" అన్నాను.

అమ్మ మళ్లీ అడగలేదు.

ఫాంతాయె